ఆరున్నర అంగుళాలు

జూన్ 3, సోమవారం

మా మేనకోడలు ఈ రోజు నా నాటకాన్ని చెప్పుల పెట్టెలో పెట్టుకుని తెచ్చింది.

అతిశయోక్తి కాదు, నిజంగా చెప్పుల పెట్టే. పక్కన సైజు ఏడు అని కూడా ఉంది. మూత తీస్తే లోపల అట్టతో చేసిన నమూనా. మెట్లు, పైన బాల్కనీ, దీపం, వెనకాల ఒక తెల్ల కాగితం. "ఈ కాగితం ఏమిటే?" అన్నాను. "సముద్రం అత్తా" అంది.

ఇరవై ఆరేళ్ళ క్రితం ఆ సముద్రాన్ని అరవై అడుగుల గుడ్డ మీద నాలుగు పూతల నీలంతో వేయించాను. ఆరుగురు పెయింటర్లకు పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడది తెర, దాని మీద వీడియోలో అలలు కదులుతాయట. నా సముద్రంలో అలలు కదలవు. కదిలినట్టు చూసేవాళ్ళకి అనిపించేది, అదే పనితనం. ఈ మాట మీద అది గంటసేపు వాదించి, ఆఖరికి తల ఊపి ఫోన్ చూసుకుంది.

ఆ పాత సంగీత నాటకాన్ని ఒక టూరింగ్ కంపెనీ మళ్ళీ ఆడిస్తోంది. పన్నెండు ఊళ్ళు తిరుగుతారు. అప్పుడు సెట్ డిజైనరుని నేను, ఇప్పుడు మా అన్నయ్య కూతురు. నేను సలహాదారుని. సలహా ఎవరికీ అక్కర్లేదు, సంతకం కావాలి. "ఇది మూలానికి తగ్గట్టే ఉంది" అని నేను కాగితం మీద సంతకం పెడితే పోస్టరు మీద నా పేరు వేసుకుంటారు. అసలు ప్రదర్శనకి ఏడు లారీలు పట్టేవి. వీళ్ళు రెండు లారీల్లో సర్దేస్తారట.

"పిండి కొద్దీ రొట్టె కదా అత్తా" అంది.

"పిండే లేకుండా రొట్టె అంటున్నావు నువ్వు" అన్నాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి "నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు" అంది. అన్నాడో లేదో దేవుడికే తెలియాలి. "నేనూ అడిగానని చెప్పు" అన్నాను. పాతికేళ్ళుగా మేమిద్దరం ఇలా అడుగుతూనే ఉన్నాం.

జూన్ 5, బుధవారం

వర్క్‌షాపుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

తిరిగే వేదిక లేదు. నా డిజైన్‌కి గుండెకాయ అది. మెట్లు నెమ్మదిగా తిరిగి, నాయిక వెలుగులోంచి చీకట్లోకి ఎక్కుతున్నట్టు ఉండేది. ఇప్పుడు మెట్ల కింద చక్రాలు పెట్టారు. రేవు కూలీల వేషం వేసిన ఇద్దరు నటులు వాటిని తోస్తారు.

"ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసినట్టా?" అన్నాను.

"ఊరంతా కలిసి ఆమెని పైకి తోస్తున్నట్టు అత్తా. అలా అనిపించదూ?"

"అనిపించదు."

ప్రొడ్యూసరు వచ్చాడు. మర్యాదస్తుడే, కానీ మాటకు ముందు లారీ, మాట వెనక లారీ. "మేడమ్, పదిహేను మెట్లు ఎందుకండీ, పది చేస్తే లారీలో అడ్డంగా పడతాయి" అన్నాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. దీపం కాసే మనిషి సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు, అతని భార్య తనే మెట్లెక్కి దీపం వెలిగిస్తుంది, మెట్టుకొక పాదం పాడుతూ ఎక్కుతుంది, పదిహేనో మెట్టు మీద ఆ పొడుగు రాగం తీస్తుంది అని మొదట్నుంచీ చెప్పాను. "పది మెట్లు చేస్తే మిగిలిన ఐదు పాదాలు ఎవరు మింగుతారు? మీరా, నేనా?" అన్నాను.

పదిహేను ఉంటాయన్నాడు. పెద్ద ఉపకారం చేశాడు.

జూన్ 6, గురువారం

ఆ ఇద్దరూ మెట్లు తోస్తుంటే చూశాను. బాగుందని మాత్రం రాయను.

జూన్ 8, శనివారం

పట్టుకున్నాను!

మెట్లు చూడగానే ఏదో తేడాగా తోచింది. టేపు తీసి కొలిచాను. ఒక్కో మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు. నా బొమ్మలో ఎనిమిది. నా చేత్తో గీసింది, ఎర్ర సిరాతో రాసింది. ఎనిమిది అంగుళాల మెట్టు ఎక్కుతుంటే మోకాలు పైకి లేస్తుంది, నడుము వంగుతుంది, ఆ మనిషి కష్టం చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలుస్తుంది. ఆరున్నర అంటే బ్యాంకు మెట్లు.

"ఇదేమిటే?" అన్నాను.

మేనకోడలు మొహం చూడాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. "అలాగే ఉండనియ్ అత్తా" అంది.

"ఎందుకు ఉండనివ్వాలి?"

"ఊరికే. ఎక్కడానికి బాగుంటాయి."

"లారీలో పట్టడానికి అని చెప్పు, నిజం చెప్పినట్టు ఉంటుంది."

సముద్రాన్ని కాగితం చేసినప్పుడు గంటసేపు వాదించింది, వేదిక పీకేసినప్పుడు రెండు గంటలు వాదించింది. మెట్ల దగ్గరకొచ్చేసరికి నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చుంది. వాళ్ళ నాన్న పోలిక. ఆ నాటకానికి నాకు సన్మానం చేసిన రోజున, సెట్టు కట్టిన అన్నయ్య అన్న మాట నేనింకా మర్చిపోలేదు. "ఆ మెట్లు నావే" అన్నాడు. పది మందిలో నవ్వుతూ అన్నాడు. చెక్క కోసిన ప్రతివాడూ డిజైనరైతే ఇక మేమెందుకు?

జూన్ 10, సోమవారం

ప్రొడ్యూసరుకి ఉత్తరం రాశాను. తెర, చక్రాలు, రెండు లారీలు అన్నీ మింగుతాను, మెట్లు మాత్రం నా బొమ్మ ప్రకారం ఉండాలి, ఒక్క అంగుళం మారినా సంతకం పెట్టను అని. మూడుసార్లు చదువుకున్నాను. బాగా వచ్చింది.

జూన్ 12, బుధవారం

గెలిచాను. ఫోన్ చేసి "మీ మాటే మాట మేడమ్" అన్నాడు. మెట్లు మళ్ళీ కడతారు.

మేనకోడలు ఫోన్ చేయలేదు.

జూన్ 14, శుక్రవారం

ఎనిమిది అంగుళాలు. పదిహేనూ కొలిచాను.

జూన్ 17, సోమవారం

రిహార్సల్. ఆ పాట పాడే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయి. స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పుతుండేది. ఆ ఉద్యోగం వదిలేసి ఇందులో చేరిందట. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఎనిమిదో మెట్టు దాకా బాగుంది. తొమ్మిదో మెట్టు మీద పాదం మధ్యలో ఊపిరి పీల్చింది. పదకొండో మెట్టు మీద స్వరం జారింది. పదమూడు మీద ఆగిపోయి ప్రొడ్యూసరుతో "సారీ సార్" అంది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ అంతే. మూడోసారి పదో మెట్టు దగ్గరే ఆగింది.

"మెట్లు కొంచెం ఎత్తుగా ఉన్నాయేమో సార్" అంది మెల్లగా.

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. పాత గాయని ఈ అమ్మాయికి రెండింతలు బరువు ఉండేది. వంద ప్రదర్శనల్లో ఒక్కసారి తడబడలేదు. పేపర్లో రాశారు కూడా, "ఈ మెట్లు పాటతో పాటు ఊపిరి పీలుస్తాయి" అని. ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించాను, హాల్లో కుర్చీకి ఎదురుగానే ఉంటుంది. ఊపిరి పీల్చే మెట్ల మీద ఊపిరి అందకపోతే తప్పు మెట్లదా?

జూన్ 19, బుధవారం

ఈ రోజూ అదే రభస. ప్రొడ్యూసరు శ్రుతి తగ్గించమన్నాడు. తగ్గిస్తే చివరి రాగం చచ్చిన పాములా పడుంది.

మధ్యలో మేనకోడలు నా కుర్చీ దగ్గరకి వచ్చింది. పది రోజుల తర్వాత నాతో మాట్లాడటం ఇదే.

"ఒక్కసారి నువ్వు ఎక్కి చూడు అత్తా."

"నా మోకాలు నీకు తెలియదా?"

"అప్పుడు మోకాలు బాగానే ఉందిగా. అప్పుడు ఎక్కావా?"

ఏం ప్రశ్న అది! అప్పుడు నేను కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నాను. చివరి పన్నెండు రోజులు మంచం మీద, తిన్నగా మొదటి ప్రదర్శన నాడు వచ్చి మొదటి వరసలో కూర్చున్నాను. తర్వాత కూడా చూసేది ముందునుంచే కదా. డిజైనరు చూసేవాళ్ళ వైపు కూర్చోవాలి. అవసరం ఏముంది ఎక్కడానికి?

ఎక్కలేదు. ఒక్కసారీ ఎక్కలేదు. రాసుకుంటుంటే వింతగానే ఉంది.

జూన్ 20, గురువారం

ఆ అమ్మాయిని మార్చేస్తారట. వచ్చే గురువారం ఇంకో గాయనిని పిలిపిస్తున్నాడు ప్రొడ్యూసరు. ముప్ఫయ్యో తారీకున లారీలు బయల్దేరాలి.

నాకేం సంబంధం? నేను మెట్లు చూసుకోవాలి గానీ మనుషుల్ని చూసుకోవడం నా పని కాదు.

జూన్ 21, శుక్రవారం

ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచి, కుర్చీ చూపించినా నిలబడే ఉంది.

"పాత గాయని గారు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేవారు మేడమ్? మీరు చూశారు కదా, గుర్తుంటే చెప్పండి. నేను అక్కడే తీసుకుంటాను."

ఏడవలేదు. ఏడిస్తే కసురుకుని పంపేదాన్ని. పుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చింది. మెట్టు మెట్టుకీ గీతలు గీసుకుంది, ఎక్కడ ఊపిరి పోతోందో గుర్తులు పెట్టుకుంది. నా దగ్గర పని నేర్చుకున్న ఏ కుర్రకుంకా ఇంత శుభ్రంగా రాసుకోలేదు.

నాకు గుర్తు లేదు. ఆమె ఊపిరి తీసుకున్నట్టే నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆ మాట చెప్పలేక "రేపు పాత థియేటర్ గోడౌన్‌కి రా, అసలు మెట్లు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎక్కి పాడితే నీకే తెలుస్తుంది" అన్నాను.

ఒకసారి అసలు సిసలు చూస్తే ఈ మెట్ల మీద సణుగుడు ఆగుతుంది.

జూన్ 22, శనివారం

వివరంగా రాయాలి. తర్వాత నేనే మార్చి చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

గోడౌన్‌లో అడుగున ఉండే ఐదు మెట్లు మాత్రమే మిగిలాయి. వాచ్‌మన్ వాటి మీద రంగు డబ్బాలు వరసగా పెట్టుకున్నాడు. అవి దింపించాను. చెక్క చెక్కుచెదరలేదు. నా పాత బూడిద రంగు ఇంకా అంచుల్లో ఉంది. కొంగుతో వాటి మీద దుమ్ము తుడిచాను.

"ఎక్కు" అన్నాను.

ఎక్కింది. పాడుతూ ఐదు మెట్లూ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. అలా మూడుసార్లు, ఆపకుండా పదిహేను పాదాలూ పాడింది. చివరి రాగం గోడౌన్ రేకులకి తగిలి తిరిగొచ్చింది. వాచ్‌మన్ బీడీ పారేసి చూస్తున్నాడు.

"చూశావా!" అన్నాను. నాకెంత సంతోషమో. "ఇవి ఎక్కగలిగినదానివి అవి ఎందుకు ఎక్కలేవు?"

ఆ అమ్మాయి ఐదో మెట్టు మీద నిలబడి మడమతో చెక్క తట్టి చూసింది. తర్వాత, "ఇవి తక్కువ ఎత్తు ఉన్నాయి కదా మేడమ్" అంది.

"అవే మెట్లు."

"కాదు మేడమ్. కాలికి తెలుస్తుంది."

టేపు నా సంచిలోనే ఉంటుంది ఎప్పుడూ. మొదటి మెట్టు ఆరున్నర. రెండోది ఆరున్నర. మూడోది కొలిచేటప్పుడు ఆ అమ్మాయే వచ్చి టేపు రెండో చివర పట్టుకుంది. ఐదూ ఆరున్నరే. వంగి కింద చూస్తే, మెట్టు అడుగున వడ్రంగి పెన్సిలుతో 6½ అని ఉంది. ఆ ఆరుకి తోక అలా మెలితిప్పి రాసేది లోకంలో ఒక్కడే.

అప్పుడు నేను ఎక్కాను. రెయిలింగు పట్టుకుని ఐదు మెట్లూ ఎక్కాను. మోకాలు నొప్పి పెట్టలేదు.

జూన్ 23, ఆదివారం

చెక్క అరుగుతుంది. ఇరవై ఆరేళ్ళలో అంగుళంన్నర అరగదా?

అరగదు.

ఫోటోలు తీసి చూశాను. రెయిలింగు కూడా అదే లెక్కన తగ్గించాడు అన్నయ్య, బాల్కనీ కూడా దింపాడు. దేనికి దానికి నిష్పత్తి సరిపోయింది, అందుకే ముందునుంచి నా కంటికి దొరకలేదు. దాదాపు రెండడుగులు తగ్గితే నేను గమనించలేదు. పైగా ఆ పేపరు ముక్కకి ఫ్రేము కట్టించుకున్నాను.

జూన్ 24, సోమవారం

మేనకోడల్ని పట్టుకుని కూర్చోబెట్టాను.

"నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పలేదేం?"

"నాన్న ఒట్టు వేయించుకున్నాడు. చెప్పకుండా కట్టేస్తే నువ్వు కనిపెట్టవనుకున్నా. నువ్వు టేపు తీస్తావని ఎవరికి తెలుసు?"

"ఒట్టెందుకు?"

"'మీ అత్తకి ఆ మెట్లు తప్ప ఇంకేం లేవు, వాటి జోలికి పోకు' అన్నాడు."

ఇంకేం లేవట! ఇల్లుంది. పుస్తకాలున్నాయి. మోకాలి నొప్పి ఉంది. ఇంతమంది కలిసి నన్ను ఇన్నేళ్ళు గాజు సామానులా గడ్డిలో చుట్టి అటక మీద పెట్టారు, నేనేమో పైనుంచి అందరికీ సలహాలు చెబుతున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ప్రొడ్యూసరు దగ్గరకి వెళ్ళి మెట్లు ఆరున్నరకి దించమన్నాను.

"మేడమ్, ఒక్క అంగుళం మారినా సంతకం పెట్టనని మీరే రాశారు. ఉత్తరం నా దగ్గరే ఉంది, చదవమంటారా?"

నా ఉత్తరం నాకే చదివి వినిపిస్తాడట. బాగా రాశానని మూడుసార్లు చదువుకున్న ఉత్తరం.

"తప్పు రాశాను" అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయను.

మేస్త్రిని పిలిచాడు. మొన్న పదిమంది వడ్రంగులు రాత్రింబవళ్ళు చేస్తే అయింది, వాళ్ళు వెళ్ళిపోయారు, మళ్ళీ కట్టాలంటే పది రోజులన్నాడు మేస్త్రి. "బుధవారం సాయంత్రానికి అయితే సరే మేడమ్. లేదంటే గురువారం కొత్తావిడ వస్తుంది. ఆవిడ ఎనిమిది అంగుళాలైనా ఎక్కుతుంది, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి" అన్నాడు ప్రొడ్యూసరు.

పాడే అమ్మాయి మూల కుర్చీలో పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల తప్పు ఒక్కటీ లేదు. తెర మీద ఓడాను, వేదిక మీద ఓడాను, లారీల మీద ఓడాను. గెలిచింది ఒక్క మెట్ల మీద. ఆ గెలుపే ఆ పిల్ల గొంతు మీద కూర్చుంది.

"అప్పుడు నాన్న ఒక్క రోజులో దించాడట అత్తా" అంది మేనకోడలు, ఎటో చూస్తూ.

"ఎలా?"

"నాకు తెలియదు. నాన్ననే అడగాలి."

జూన్ 25, మంగళవారం

వెళ్ళాను.

ఆ వీధి మారలేదు. గేటు మారింది. బెల్లు కొట్టాక, వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. వదిన తలుపు తీసి నన్ను చూసి, ఏమీ జరగనట్టు "కాఫీయా, టీయా?" అంది. ఆవిడ పద్ధతే అంత.

అన్నయ్య వరండాలో కుర్చీకి కాలు బిగిస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. తల పూర్తిగా నెరిసింది, చెవి వెనక పెన్సిలు మాత్రం అలాగే ఉంది.

"దారి గుర్తుందే నీకు" అన్నాడు.

"మెట్లు ఎందుకు దించావు?"

దారి పొడుగునా ఇంకేదో అనాలనుకుని వచ్చాను. తీరా నోట్లోంచి వచ్చింది ఇది.

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఆవిడ ఎక్కలేకపోయింది. పాడే ఆవిడ. పది మెట్లకి ఆయాసం, నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు నా దగ్గరకొచ్చి 'అన్నా, నన్ను తీసేస్తారు' అని ఏడ్చింది. దించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఆసుపత్రికి వచ్చాను. పచ్చగా పడుకున్నావు, కళ్ళు కూడా పచ్చగా. నన్ను చూడగానే 'బొమ్మ ప్రకారమే ఉందా?' అన్నావు. ఉందన్నాను. నిద్రపోయావు. అంతకుముందు మూడు రోజులు నిద్ర లేదని నర్సు చెప్పింది."

"తర్వాత చెప్పొచ్చుగా!"

"తర్వాత పేపర్లో పడింది, ఊపిరి పీల్చే మెట్లని. నువ్వు ఇల్లంతా గంతులు వేస్తున్నావు, అప్పుడు చెప్పనా? సన్మానం రోజు ఆవిడ వచ్చి 'అన్నా, నీ మెట్లు నన్ను మోశాయి' అంది. 'అవునమ్మా, నావే' అన్నాను. నువ్వు వెనకాలే ఉన్నావు."

ఆ రోజు నేనన్న మాట ఈ డైరీలో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. అందరి ముందూ, పూలదండ మెడలో ఉండగానే, "నువ్వు మేకులు కొట్టినవాడివి. నీ హద్దులో నువ్వుండు" అన్నాను.

"అలా అన్నాక ఇక నేను చెబితే పగబట్టి చెప్పినట్టు ఉంటుంది" అన్నాడు అన్నయ్య. "అందుకే ఊరుకున్నా."

"ఆ రోజు నేనన్నది..." అన్నాను.

"ఏది?"

"మేకుల మాట."

"అవి మేకులు కావే" అన్నాడు. "స్క్రూలు. మేకులైతే విప్పడం కుదిరేదా?"

వదిన కాఫీ తెచ్చి నా మొహం చూసి, గ్లాసు పక్కన పెట్టి తన కొంగు చివర నా చేతికిచ్చింది. "తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ పట్టుకు కూర్చున్నారు. మధ్యలో నా కూతురు తపాలా బంట్రోతు అయిపోయింది" అంది.

"రేపు వస్తావా?" అన్నాను అన్నయ్యతో. ముక్కు చీదుకుంటూ అడిగాను, మర్యాదగా ఏమీ లేదు.

"నీ బొమ్మ పట్టుకురా" అన్నాడు.

జూన్ 26, బుధవారం

ఒళ్ళంతా చెక్కపొట్టు.

సంగతి ఇంతే. పక్క చెక్కల జోలికి పోనక్కర్లేదు. మెట్టు కూర్చునే కమ్మీలు స్క్రూలతో బిగించి ఉంటాయి. విప్పి, మొదటిది అంగుళంన్నర, రెండోది మూడు, మూడోది నాలుగున్నర, అలా దించుకుంటూ పోయి మళ్ళీ బిగించాలి. పైన బాల్కనీ కాళ్ళు కోయాలి. మేస్త్రి నోరు తెరిచి చూశాడు. అన్నయ్య కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తుంటే మేస్త్రి, మేనకోడలు, ఇద్దరు కూలీ వేషగాళ్ళు విప్పారు, బిగించారు. నేను నేల మీద కూర్చుని ప్రతి కమ్మీకి కొలత చదివాను. తప్పు చదివితే తిట్టాడు. పాతికేళ్ళ తర్వాత తిట్టించుకోవడం ఒక విధంగా బాగానే ఉంది.

నాలుగున్నరకి అయింది. ఆ అమ్మాయి ఎక్కింది. పదిహేను. చివరి రాగం పట్టి, దింపకుండా నిలబెట్టింది. ప్రొడ్యూసరు ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళి కొత్తావిడని రావద్దన్నాడు.

నా బొమ్మ బల్ల మీద పరిచి, ఎర్ర ఎనిమిది కొట్టేసి 6½ అని రాశాను. మెలి తోకతో రాద్దామని చూశాను, రాలేదు.

జూన్ 28, శుక్రవారం

సంతకం గొడవ. పోస్టరు మీద అన్నయ్య పేరు కూడా ఉండాలన్నాను. పోస్టర్లు అచ్చయిపోయాయన్నాడు. కనీసం ప్రదర్శన రోజు పంచే కాగితం మీద? అవీ అచ్చయిపోయాయట. అన్నీ నాకంటే ముందే అచ్చయిపోతాయి వీళ్ళకి.

"మొదటి ఊళ్ళో పంచేవి ఎన్ని?"

"మూడొందలు మేడమ్. ఎందుకండీ?"

"ఇటివ్వండి."

జూన్ 30, ఆదివారం

నూట నలభై అయ్యాయి. వేళ్ళు పనిచేయడం లేదు. లారీలు వెళ్ళాయి, రెండే. అన్నీ పట్టాయి.

జూలై 5, శుక్రవారం

మొదటి ప్రదర్శన అయింది. గదికి వచ్చి రాస్తున్నాను.

మూడొందల కాగితాల మీద నా పేరు కింద "మెట్లు" అని రాసి పక్కన అన్నయ్య పేరు చేత్తో రాశాను. గుమ్మం దగ్గర ఒకటి తీసి చూసుకున్నాడు. తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. "నీ చేతిరాత ఇంకా కోడి గీకినట్టే ఉంది" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకోటి అడిగి తీసుకున్నాడు, వదినకట.

ముందు కోపాలు రాసేస్తాను. తెర మీద అలలు దడదడలాడాయి, నా గుడ్డ సముద్రం ముందు అవి బకెట్లో నీళ్ళు. రెండో అంకంలో ఒక చక్రం కిర్రుమంది. వేదిక తిరగకపోవడం నాకు చివరిదాకా గుచ్చుకుంటూనే ఉంది. కూలీలు ఇద్దరూ భుజం ఆనించి మెట్లు తోస్తూ, పాడుతున్న ఆమె వైపు ఒక్కసారి తలెత్తి చూశారు. అది నా డిజైన్‌లో లేదు. బాగుంది. రాశాను, చాలా?

పాట దగ్గర అన్నయ్య మోకాలి మీద వేళ్ళు మడుస్తున్నాడు, మెట్టుకొకటి. పదకొండోది వచ్చేసరికి వేళ్ళు చాలక నా చెయ్యి పట్టుకున్నాడు.

జనం వెళ్ళాక మేనకోడలితో "పైకి తీసుకెళ్ళు" అన్నాను. "మోకాలో?" అంది. "తీసుకెళ్ళవే" అన్నాను.

పదిహేను మెట్లూ ఎక్కాను. తొమ్మిదో మెట్టు మీద ఆగాను, ఆయాసానికి కాదు. పైకి వెళ్ళి దీపం పక్కన నిలబడి చూశాను. ఇన్నేళ్ళుగా ఆ గాయనులు నిలబడిన చోటు అది.

అక్కడినుంచి నా డిజైన్ ఏదీ కనిపించదు. సముద్రం వెనకాల ఉంటుంది. దీపం కళ్ళలో పడుతుంది, ఎదురుగా చీకటి తప్ప ఏమీ ఉండదు. కాలి కింద మాత్రం మెట్లు ఉంటాయి. అక్కడ నిలబడి పాడే మనిషికి ఉన్నదల్లా అవే. నేను గీసిందంతా ముందు కూర్చున్నవాళ్ళకి, మా అన్నయ్య కట్టింది ఆమెకి.

చాలాసేపు అక్కడే ఉన్నట్టున్నాను. కిందనుంచి అన్నయ్య, "ఏమే, చూసింది చాలు గానీ రెయిలింగు పట్టుకుని దిగు, పడితే నన్నంటావు మళ్ళీ!" అని అరిచాడు.

పట్టుకునే దిగాను.